షెల్‌లకు మెనూ ఎంట్రీలు: పర్లాకిమిడి ల్యాబ్‌లో నా అనుభవం

షెల్ అంటే మనం టైపు చేసే కమాండ్‌లను అందుకుని నడిపే ప్రోగ్రామ్. దానికి సొంత కిటికీ ఉండదు. అది టెర్మినల్ అనే అక్షరాల కిటికీ లోపల నడిచేది కాబట్టి, బ్రౌజర్‌కూ ఆఫీస్ సూట్‌కూ ఉన్నట్టు దానికి కూడా అప్లికేషన్ మెనూలో ఒక ఎంట్రీ ఎందుకుండాలని అడిగేవారి ప్రశ్న న్యాయమైనదే. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో, డెబియన్ అనే లినక్స్ పంపిణీతో నడిచే యంత్రాలకు కావలసిన ప్యాకేజీలను (ఇన్‌స్టాల్ చేయడానికి వీలుగా కట్టిన ప్రోగ్రామ్‌లను) స్థానిక రిపాజిటరీలో, అంటే వాటి నిల్వలో, సిద్ధం చేసి పెట్టే పని నాది. ఆ పనిలో భాగంగానే నేను ఈ ప్రశ్నకు సమాధానం వెతకవలసి వచ్చింది.

మా కేంద్రంలో షెల్ పాఠాలు చెప్పే మేష్టారు బ్యాష్, జెడ్‌షెల్, ఫిష్ అనే మూడు షెల్‌లనూ పక్కపక్కన తెరిపించి, ఒకే కమాండ్ ఒక్కొక్క దానిలో ఎలా ప్రవర్తిస్తుందో పిల్లలకు చూపిస్తారు. డెస్క్‌టాప్‌ను కొత్త విడుదలకు మార్చిన తరువాత, పాత మెనూలో ఉండే షెల్స్ విభాగం మొత్తంగా కనబడకుండా పోయింది. "బాబూ, షెల్‌ల వరస అంతా ఏమైపోయింది, నువ్వే తీసేశావా?" అని ఆయన అడిగారు. "లేదు మేష్టారూ, దాన్ని చదివే పద్ధతే మారిపోయింది, నాలుగు రోజులు ఓపిక పట్టండి" అని చెప్పి పనిలో దిగాను.

మారిన పద్ధతి ఏమిటో చెప్పాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. డెబియన్‌కు చాలాకాలం సొంత మెనూ వ్యవస్థ ఒకటి ఉండేది. ప్రతి ప్యాకేజీ /యూఎస్ఆర్/షేర్/మెనూ డైరెక్టరీలో ఒక చిన్న ఫైలు పెట్టేది. అప్‌డేట్-మెనూస్ అనే ప్రోగ్రామ్ వాటన్నిటినీ చదివి, తెర మీది కిటికీలను నడిపే ఒక్కొక్క విండో మేనేజర్‌కు అర్థమయ్యే రూపంలో మెనూను తయారుచేసేది. ఆ ఫైలులో నీడ్స్ అనే చోట టెక్స్ట్ అని రాస్తే ఆ ప్రోగ్రామ్‌ను టెర్మినల్‌లో తెరవాలని అర్థం, సెక్షన్ అనే చోట అప్లికేషన్స్/షెల్స్ అని రాస్తే అది షెల్స్ విభాగంలో చేరుతుంది. షెల్‌లకంటూ ఒక విభాగాన్ని ప్రత్యేకంగా కేటాయించిన వ్యవస్థ అది, ఆ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ దాని మీద గౌరవం ఉంది. అయితే వేర్వేరు డెస్క్‌టాప్‌లకు ఉమ్మడిగా ఉండే ఫ్రీడెస్క్‌టాప్ ప్రమాణం ప్రకారం రాసే డెస్క్‌టాప్ ఫైళ్లు (మెనూలో ఒక ఎంట్రీని వర్ణించే చిన్న ఫైళ్లు) కూడా వాడుకలోకి వచ్చాక, ఆంధ్ర, ఒడిశా రెండూ తమవంటున్న కొటియా గ్రామాల్లో ఒకే కుటుంబం చేతిలో రెండు రాష్ట్రాల కార్డులు ఉన్నట్టు, ఒకే ప్రోగ్రామ్‌కు రెండు వ్యవస్థల్లోనూ ఎంట్రీలు ఏర్పడ్డాయి. డెస్క్‌టాప్ ఫైలు ఇచ్చే ప్యాకేజీ అదే అప్లికేషన్‌కు పాత మెనూ ఫైలు ఇవ్వకూడదని డెబియన్ టెక్నికల్ కమిటీ 2015 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. 2016లో డెబియన్ పాలసీ (ప్యాకేజీలు పాటించవలసిన నియమాల పత్రం) పాత వ్యవస్థకు కాలం చెల్లిందని ప్రకటించింది. పాత ఫైలు ఇంకా మిగిలి ఉన్న ప్యాకేజీలో కూడా, ఆ ఫైలును చదివి కొత్త మెనూలోకి చేర్చే మెనూ-ఎక్స్‌డీజీ ప్యాకేజీ యంత్రంలో లేకపోతే అది ఉన్నా లేనట్టే. మేష్టారికి షెల్స్ విభాగం కనబడకపోవడానికి కారణం ఇదే.

మెనూ, మెనూ-ఎక్స్‌డీజీ అనే రెండు ప్యాకేజీలను తిరిగి ఇన్‌స్టాల్ చేస్తే ఆ పూటకు పని గడిచేది. ఒక మిత్రుడు ఆ సలహాయే ఇచ్చాడు కూడా. అలా చేస్తే షెల్‌లతో పాటు పాత ఎంట్రీలన్నీ గంపగుత్తగా మెనూలోకి వస్తాయి. పైగా ఎవరూ పట్టించుకోని వ్యవస్థ మీద కొత్త తరం యంత్రాలను నిలబెట్టినట్టు అవుతుంది. అందువల్ల షెల్‌లకు డెస్క్‌టాప్ ఫైళ్లే రాయాలని నిర్ణయించుకున్నాను.

రాయడానికి ముందు పాలసీలో ఈ విషయం గురించి ఏముందో శ్రద్ధగా చదివాను. మెనూలో కనబడే ఎంట్రీకి పారదర్శకమైన నేపథ్యం ఉన్న పీఎన్‌జీ లేదా ఎస్‌వీజీ ఐకాన్ ఉండాలనీ, అది కనీసం 22×22 పరిమాణంలో దొరకాలనీ అక్కడ ఉంది. నాకు అంతకంటె ముఖ్యంగా తోచింది మరొక వాక్యం. స్వతంత్రమైన అప్లికేషన్‌గా సాధారణ వాడుకరికి ఉపయోగపడని ఎంట్రీలో నోడిస్‌ప్లే అనే కీకి (ఫైలులో పేరు, విలువ జతగా రాసే వరుసలో ఆ పేరును కీ అంటారు) ట్రూ అని విలువ ఇవ్వాలనీ, అప్పుడు అవసరమున్నవారు మాత్రమే దాన్ని కనబడేలా చేసుకోగలుగుతారనీ పాలసీ చెబుతుంది. షెల్ ఎంట్రీల వివాదమంతా ఈ వాక్యంలోనే ఇమిడి ఉందని నా అభిప్రాయం. ఇంట్లో ఒక్క బ్యాష్ మాత్రమే వాడే మనిషికి మెనూలో టెర్మినల్ ఒక్కటి ఉంటే చాలు, ఆ పక్కనే బ్యాష్ అనే ఎంట్రీ కూడా ఉంటే ఆయనకు అది గజిబిజి తప్ప మరేమీ కాదు. మా ల్యాబ్‌లో పిల్లవాడు చేయవలసిన పనే షెల్‌ను ఎంచుకోవడం కాబట్టి, అక్కడ ఎంట్రీ కనబడి తీరాలి. ఒకే ఫైలు ఈ ఇద్దరికీ సరిపోవాలంటే, అందరికీ వెళ్లే ప్యాకేజీలో దాన్ని దాచిపెట్టి, మా ల్యాబ్‌లో బయటపెట్టడం తప్ప మార్గం లేదు.

ఇక్కడ నోడిస్‌ప్లేను, హిడెన్ అనే మరొక కీని కలగలిపి చూసేవారు చాలామంది ఉన్నారు. నోడిస్‌ప్లే అంటే అప్లికేషన్ ఉంది, మెనూలో మాత్రం చూపవద్దు అని. హిడెన్ అంటే ఆ ఎంట్రీని వాడుకరి తొలగించినట్టే లెక్క. ఫైలు అసలు లేనట్టుగా పరిగణిస్తారు. షెల్‌కు హిడెన్ వాడటం సరికాదు.

ఏ షెల్‌కు ఎంట్రీ ఇవ్వాలన్నది తరువాతి ప్రశ్న. బ్యాష్, జెడ్‌షెల్, ఫిష్‌ల గురించి ఆలోచించవలసింది లేదు, అవి మనిషి ఎదురుగా కూర్చుని వాడేవి. డ్యాష్ సంగతి వేరు. 2011లో వచ్చిన స్క్వీజ్ విడుదల నుంచి డెబియన్‌లో వ్యవస్థ మామూలుగా వాడే షెల్ అయిన /బిన్/ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అయింది. స్క్రిప్టులను, అంటే ఫైలులో వరసగా రాసిపెట్టిన కమాండ్‌లను, వేగంగా నడపడం దాని పని. డెబియన్ ఇచ్చే డ్యాష్‌లో లైన్ ఎడిటింగ్ ఉండదు కాబట్టి, పై బాణం మీట నొక్కితే పాత కమాండ్ తిరిగి రాకపోగా తెర మీద వింత గుర్తులు పడతాయి. దాన్ని మెనూలో పెడితే కొత్తగా నేర్చుకునే పిల్లవాడు షెల్ పాడైపోయిందనే అనుకుంటాడు. అందుచేత డ్యాష్‌కు ఎంట్రీ ఇవ్వలేదు. దీనికి మేష్టారు వెంటనే ఒప్పుకోలేదు, స్క్రిప్టుల పాఠంలో డ్యాష్ కూడా కావాలని ఆయన వాదన. బ్యాష్ తెరిచి అందులో డ్యాష్ అని టైపు చేయించడమే పాఠానికి మేలని నేను నచ్చజెప్పాను. ఇప్పుడు ఆయన అలాగే చెబుతున్నారు.

ఫైలు రాయడంలో ఎక్కువ ఆలోచన పెట్టించినది టెర్మినల్ అనే కీ. దానికి ట్రూ అని ఇస్తే ప్రోగ్రామ్‌ను ఏదో ఒక టెర్మినల్‌లో తెరిచే భారం డెస్క్‌టాప్ మీద పడుతుంది. ఏ టెర్మినల్ అన్నది ప్రమాణం చెప్పదు. డెబియన్‌లో, యంత్రంలో ఎంచి పెట్టిన టెర్మినల్‌ను తెరిచే ఎక్స్-టెర్మినల్-ఎమ్యులేటర్ అనే కమాండ్ ఉంది కాబట్టి, ఏ కమాండ్ నడపాలో చెప్పే ఎగ్జిక్ వరుసలో దాన్నే పిలిచి దానికి షెల్ పేరు అందిస్తే ఏ టెర్మినల్ తెరుచుకోవాలో మన చేతిలో ఉంటుంది. కానీ ఆ కమాండ్ డెబియన్‌కు, దాని నుంచి పుట్టిన పంపిణీలకు మాత్రమే తెలిసినది. డెస్క్‌టాప్ ఫైళ్లు అన్ని పంపిణీలకూ ఉమ్మడి ప్రమాణం కాబట్టి, రాసిన ఎంట్రీని ఆ షెల్‌ను తయారుచేసేవారికే పంపడం ఉచితం. అలా పంపబోయే ఫైలులో ఒక పంపిణీకే పరిమితమైన కమాండ్ ఉండకూడదు. టెర్మినల్ కీకి ట్రూ అనే విలువనే ఇచ్చి, ఎగ్జిక్‌లో షెల్ పేరు మాత్రమే రాశాను. ట్రైఎగ్జిక్ అనే కీలో కూడా అదే పేరు ఇచ్చాను. దానివల్ల షెల్ యంత్రంలో లేకపోతే ఎంట్రీ తనంతట తానే మాయమవుతుంది.

పాత మెనూ ఫైళ్లలో బ్యాష్‌ను లాగిన్ షెల్‌గా (వాడుకరి అప్పుడే లాగిన్ అయినట్టుగా) తెరిచే అలవాటు ఉండేది. లాగిన్ షెల్ అయితే బ్యాష్ /ఈటీసీ/ప్రొఫైల్‌ను, వాడుకరి ప్రొఫైల్ ఫైలును చదువుతుంది. మామూలుగా తెరిస్తే బ్యాష్‌ఆర్‌సీ ఫైలును చదువుతుంది. టెర్మినల్‌లో తెరుచుకునే బ్యాష్, మెనూ నుంచి తెరుచుకునే బ్యాష్ రెండూ ఒకేలా ప్రవర్తించకపోతే పిల్లలు తికమకపడతారు కాబట్టి లాగిన్ ఐచ్ఛికాన్ని వదిలేశాను. జెడ్‌షెల్‌తో మరొక చిక్కు ఉంది. వాడుకరి హోమ్ డైరెక్టరీలో దాని ప్రారంభ ఫైళ్లు ఒక్కటీ లేకపోతే, అది మొదటిసారి తెరవగానే కొత్త వాడుకరి కోసం ఉద్దేశించిన ప్రశ్నల పట్టిక చూపుతుంది. మెనూ నుంచి మొదటిసారి దాన్ని తెరిచిన పిల్లలు ఏ అంకె నొక్కాలో తెలియక ఆగిపోకుండా, కొత్త ఖాతాల్లోకి నకలయ్యే ఫైళ్లుండే /ఈటీసీ/స్కెల్‌లో చిన్న జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ ఫైలు పెట్టి, ఆ తరువాతే వారి ఖాతాలు తెరిచాము.

పేర్ల విషయానికి వస్తే, మా పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదివేవారు. సరిహద్దు అవతలి పాతపట్నం నుంచి వచ్చేవారికి తెలుగు తప్ప ఒడియా లిపి రాదు. నేమ్, కామెంట్ అనే కీలకు భాషల వారీగా విలువలు ఇవ్వవచ్చు కాబట్టి తెలుగుకు టీఈ, ఒడియాకు ఓఆర్ కోడ్‌లతో వరుసలు చేర్చాను. 2011లో రాష్ట్రం పేరు, భాష పేరు అధికారికంగా మారినా భాష కోడ్ మాత్రం పాతదే కొనసాగుతోంది. దేశం కోడ్ చేర్చకుండా భాష కోడ్ ఒక్కటే ఇవ్వడం మేలు. అప్పుడు టీఈ_ఐఎన్ లొకేల్‌లో (భారతదేశపు తెలుగు అమరికలో) ఉన్న యంత్రం కూడా ఆ వరుసనే ఎంచుకుంటుంది. బ్యాష్, ఫిష్ వంటి పేర్లను అనువదించలేదు, లిప్యంతరం మాత్రమే చేశాను. కామెంట్‌లో "కమాండ్‌లు టైపు చేసే షెల్" అని రాశాను. మెనూలో తెలుగు చక్కగా కనబడుతుంది గానీ, అక్షరానికి ఒక గడి చొప్పున కేటాయించే టెర్మినల్‌లో ఒత్తులు, గుణింతాలు కుదురుగా నిలవవు. ఆ కారణంతో షెల్ ప్రాంప్ట్‌ను తెలుగులోకి మార్చే ఆలోచన మానుకున్నాము.

కేటగిరీస్ కీలో సిస్టమ్, కన్సోల్‌ఓన్లీ అనే రెండింటినీ ఇచ్చి, వాటి తరువాత మా సొంత కేటగిరీని చేర్చాను. సొంత కేటగిరీ పేరు ఎక్స్ అక్షరంతోనూ, దాని వెంట చిన్న గీతతోనూ మొదలుకావాలని ప్రమాణం చెబుతుంది. డెస్క్‌టాప్-ఫైల్-వాలిడేట్ అనే పరికరంతో ఫైళ్లను పరీక్షించడం తప్పనిసరి చేసుకున్నాను. కేటగిరీల జాబితా చివర సెమికోలన్ లేకపోయినా అది పట్టుకుంటుంది. ప్రోగ్రామ్ ఏ రకం ఫైళ్లను తెరవగలదో చెప్పే మైమ్‌టైప్ కీ లేని ఫైళ్లు కాబట్టి ఇన్‌స్టాల్ సమయంలో నడపవలసిన స్క్రిప్టు ఏదీ అవసరం పడలేదు.

మేష్టారు కోరిన షెల్స్ విభాగాన్ని ప్యాకేజీలు కాక, మెనూ ప్రమాణమే ఇచ్చింది. /ఈటీసీ/ఎక్స్‌డీజీ/మెనూస్/అప్లికేషన్స్-మెర్జ్‌డ్ డైరెక్టరీలో మా సొంత కేటగిరీని ఏరుకునే చిన్న మెనూ ఫైలు ఒకటి పెట్టగానే ఆ విభాగం తిరిగి వచ్చింది. నోడిస్‌ప్లేతో దాచిన ఎంట్రీలను బయటపెట్టడానికి, అదే పేరు గల ఫైలును ఆ ఒక్క కీ తీసేసి /యూఎస్ఆర్/లోకల్/షేర్/అప్లికేషన్స్‌లో ఉంచాము. మామూలు అమరికలో ఆ డైరెక్టరీకి /యూఎస్ఆర్/షేర్ కంటె ముందు స్థానం ఉంటుంది. ప్యాకేజీలు /యూఎస్ఆర్/లోకల్‌లో ఫైళ్లు పెట్టకూడదన్న నియమం ఉన్నందున ఈ ఒక్క పనిని మాత్రం ల్యాబ్ యంత్రాల మీద విడి స్క్రిప్టుతో చేస్తున్నాను.

ఇక మిగిలినది నిర్వహణ. ఫిష్ తన డెస్క్‌టాప్ ఫైలును తానే తెస్తోంది కాబట్టి దానికి నేను రెండో ఎంట్రీ తయారుచేయలేదు. /యూఎస్ఆర్/లోకల్‌లో అదే పేరుతో ఒక ప్రతి ఉంచి, అందులో మా కేటగిరీని, తెలుగు, ఒడియా వరుసలను చేర్చాను. ఆ వరుసలను ఫిష్‌ను తయారుచేసేవారికి కూడా పంపాను. మిగతా షెల్‌లకు మా ప్యాకేజీలో ఉన్న ఫైళ్ల పేర్ల ముందు కేంద్రం పేరును గుర్తుగా తగిలించాను. లేకపోతే రేపు అసలు ప్యాకేజీ అదే పేరుతో ఒక ఫైలు తెచ్చినప్పుడు, రెండు ప్యాకేజీల మధ్య ఫైలు తగాదా వచ్చి ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ ఆ పనికి నిరాకరిస్తుంది. కొత్త విడుదల వచ్చిన ప్రతిసారీ ఒక్కొక్క షెల్ ప్యాకేజీలోని ఫైళ్ల జాబితా తీసి చూస్తాను. అందులో డెస్క్‌టాప్ ఫైలు కనబడితే మా ప్యాకేజీలో దానికి సంబంధించిన ఎంట్రీని తొలగించి, ఆ సంగతి మార్పుల చిట్టా అయిన చేంజ్‌లాగ్‌లో రాసి, కొత్త వెర్షన్‌ను రిపాజిటరీలో పెడతాను.