మాస్టారూ, మీరు ఎవరి శిష్యులండీ?

నలభై ఒకటో ఏట నాకు ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య మీద మనసు పోవడానికి కారణం పౌరుషం కాదు. పోయిన వానాకాలం మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద జారి, చెయ్యి ఆనించబోయి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు కట్టు. "పడటం కూడా విద్యేనండీ, ఐకిడోలో ముందు అదే నేర్పుతారు" అన్నాడు ఫిజియోథెరపీ చేసే కుర్రాడు. ఆ మాట పట్టుకుంది.

మొదట వెళ్ళింది బెంజిసర్కిల్ దగ్గర ఒక అకాడమీకి. పేరెందుకులెండి. గోడ నిండా షీల్డులే. కరాటే, కుంగ్‌ఫూ, ఐకిడో అన్నీ ఒక్కరే చెబుతారట. "ఆర్నెల్లలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ సార్, ప్యాకేజీ ఉంది" అన్నారు. ఐకిడో ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగేసరికి మాస్టారి మొహం మాడిపోయింది. "నా మీదే ఎంక్వైరీనా?"

తప్పు అడిగానా అని దారంతా మథనపడ్డాను. బెజవాడలో సంగీతం మాస్టార్ని ఎవరి శిష్యులండీ అంటే నొచ్చుకోరు, పొంగిపోతారు. బాలమురళీకృష్ణ గారి పేరెత్తితే పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి పేరు వెనకే వస్తుంది. ఐకిడోకీ అలాంటి వరస ఉంది. దాన్ని రూపొందించింది మొరిహెయి ఉయెషిబా (1883–1969). టోక్యోలోని ఐకికాయ్ అనే ప్రధాన సంస్థకి ఇప్పుడు ఆయన మనవడే పెద్ద. శిష్యుల్లో గోజో షియోదా 1955లో యోషిన్‌కాన్ అని సొంత శాఖ పెట్టుకున్నారు, కోయిచి తొహెయి 1974లో విడిపోయారు. ఇన్ని శాఖలున్నప్పుడు ఏ శాఖ అని అడగడంలో తప్పేముంది?

ఆర్నెల్ల ప్యాకేజీ లెక్క కూడా తేల్చాను. బ్లాక్ బెల్ట్‌కి ముందుండే మెట్లని క్యూ అంటారు, ఐదు నుంచి ఒకటికి వస్తాయి. ఐకికాయ్ పద్ధతిలో ఐదో క్యూ పరీక్షకి కనీసం 30 రోజుల సాధన ఉండాలి. తర్వాత మెట్టుమెట్టుకీ 40, 50, 50, 60, చివర మొదటి డాన్‌కి, అంటే బ్లాక్ బెల్ట్‌కి, ఇంకో 70. మొత్తం 300. వారానికి మూడు క్లాసులంటే, ఒక్కటీ మానకుండా వెళ్ళినా రెండేళ్ళు పడుతుంది.

రెండోది పటమటలో, ఒక స్కూలు మేడ మీద రేకుల షెడ్డు. అదే ప్రశ్న కాస్త భయంగానే వేశాను. సార్ నవ్వి, బీరువాలోంచి చిన్న పుస్తకం తీసి చేతిలో పెట్టారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ తొమ్మిదేళ్ళు ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారు. సెకండ్ డాన్. టోక్యోలో నమోదైన గ్రేడులు అందులో ఉన్నాయి. "సెన్సే అనక్కర్లేదండీ, ముందు పుట్టినవాడు అని దాని అర్థం. వయసులో మీరే పెద్ద" అన్నారు. ఆయనకి సాయంగా చెప్పే మేడం కాలేజీలో జూడో ఆడారు, ఇక్కడ ఇంకా ఫస్ట్ క్యూయే. "పట్టు దొరికితే లాగేస్తాను, పాత అలవాటు. గట్టిగా తగిలితే నేల తట్టండి" అని ఆవిడే ముందుగా చెప్పేశారు. ఆ మాటతో ఫీజు కట్టేశాను.

మొదటి నెలంతా పడటమే. ముందుకి దొర్లేటప్పుడు చిటికెన వేలి అంచు, మోచెయ్యి, భుజం, అక్కణ్ణించి వీపు మీదుగా ఏటవాలుగా అవతలి తుంటి వరకు చక్రంలా తిరగాలి. తల నేలకి తగలకూడదు. సార్ దొర్లితే చప్పుడే ఉండదు. నేను దొర్లితే బియ్యం బస్తా దింపినట్టుండేది. మే నెలలో ఆ రేకుల కింద, కరెంటు పోయిన సాయంత్రాలు మ్యాట్ మీద చెమటకి పాదాలు అతుక్కుపోయేవి.

అన్నిటికన్నా గుర్తుండిపోయింది బెంగళూరు నుంచి వాళ్ళ గురువు గారు వచ్చిన ఆదివారం. అరవై దాటిన మనిషి. మా అందర్నీ పడేసే సార్‌ని ఆయన వరసగా ఇరవైసార్లు పడేశారు. ప్రతిసారీ సార్ లేచి, మొదటిరోజు కుర్రాడిలా పరుగున వెళ్ళి మళ్ళీ చెయ్యి పట్టుకునేవారు. మధ్యలో ఆయన ఆగి "మోకాలు" అన్నారు, అంతే. సార్ తల వంచి మోకాలు సరిచేసుకున్నారు. ఆ ముక్కే సార్ మాకు రోజూ చెబుతారు!

నా ఐదో క్యూ పరీక్షకి ఐదు నెలలు పట్టింది. ఆఫీసు ఆడిటింగ్‌లో బోలెడు క్లాసులు పోయాయి మరి. టెన్షన్‌లో తెన్‌చినగె అనే విసురుకి ఏ కాలు ముందో మర్చిపోయి మొదట్నించి మళ్ళీ చేశాను. పాసయ్యానని ఇంట్లో చెబితే మా ఆవిడ నడుం వంక చూసింది.

"బెల్టు తెల్లగానే ఉందేంటి?"

మా దగ్గర మొదటి డాన్ దాకా తెల్లదేనని చెప్పాను. "అయితే దీన్ని రోజూ ఉతకాల్సింది నేనేనన్నమాట" అంది.