తతేయామా కొండకు నా మొక్కు

ఏప్రిల్లో నాన్నగారికి గుండె ఆపరేషన్. నేనేమో ఇక్కడ జపాన్లో, తోయామాలో. సెలవు దొరకలేదు. కిటికీలోంచి మంచుతో మెరిసే తతేయామా కనిపిస్తుంటే, ‘తండ్రీ, ఆయన లేచి తిరిగితే నీ కొండెక్కి దండం పెట్టుకుంటాను’ అని మొక్కుకున్నాను. నాన్నగారు ఇప్పుడు సందు చివరిదాకా నడుస్తున్నారు. పోయిన ఆదివారం మొక్కు తీర్చుకున్నాను.

కింద కేబుల్ కార్ దగ్గర జనాన్ని చూసి ప్రాణం ఉసూరుమంది. రెండు గంటల క్యూ, సెల్ఫీలు, తోపులాట. దేవుడి కొండకు వచ్చి ఇదేం గోల!

నా వెనక నిలబడ్డ పెద్దాయన ఎందుకొచ్చావని అడిగారు. వచ్చీరాని జపనీస్‌లో మొక్కు సంగతి చెప్పాను. ఆయన సంచిలోంచి జిరాక్సు కాగితాలు తీశారు. కొండ స్థలపురాణానికి పాత రాతప్రతుల్లో ఉన్న పాఠాలవి. క్యూ కదిలినంతసేపూ వేలు పెట్టి చూపిస్తూ చెప్పారు.

అందరికీ తెలిసిన కథలో, తండ్రి తెల్ల డేగను వెతుకుతూ వెళ్లిన అరియోరి అనే కుర్రాడు ఎలుగుబంటిని బాణంతో కొడతాడు. అది గుహలో దూరుతుంది. లోపల చూస్తే ఛాతీలో బాణంతో అమితాభ బుద్ధుడు. కానీ ‘ఇరోహా జిరుయిషో’ అనే పాత నిఘంటువులో కొడుకు లేడు, తండ్రి, గవర్నరు అరివాకాయే వేటకు వెళ్తాడు. ‘రుయిజు కిగెన్‌షో’ అనే మరో పాత గ్రంథంలో డేగా లేదు, పేరూ లేదు, ఒక వేటగాడు, అంతే. కొండ మీద దేవుడు వెలసింది 701లో అంటారు. అరివాకా గవర్నరుగా సంతకం చేసిన పత్రం మాత్రం 905 నాటిది. ఆ తేడా విన్నా నా నమ్మకం తగ్గలేదు. మనుషులు మారారు కానీ, బాణం దెబ్బ తిన్న ఎలుగు, దానిలో దేవుడు, అన్ని పాఠాల్లోనూ ఉన్నారు.

పైన బస్సు ఆగే మురోదోలో దిగాక ఆయన తన దారి మానుకుని నన్ను కథలో ఎలుగు దూరిన తమాదోనో గుహ దాకా తీసుకెళ్లారు. అక్కడ జనం లేరు. చల్లటి చీకటి. చేతులు జోడించగానే నాన్నగారి ఛాతీ మీది కుట్లు గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. పెద్దాయన పక్కకు తిరిగి నిలబడ్డారు.

తర్వాత శిఖరం, 3003 మీటర్లు. ఇచినోకోషి కనుమ దాటాక మెట్లు కావు, అన్నీ జారే రాళ్లు. ఊపిరందక మూడుసార్లు కూలబడ్డాను. పైన గుడిలో పూజారి ప్రార్థన చదువుతుంటే మబ్బు కమ్మేసి ఏమీ కనిపించలేదు. తల వంచాను, చాలనిపించింది.

రాత్రి ఫోన్లో కథంతా చెప్పాను. ఆ పేరు లేని వేటగాడి దగ్గర నాన్నగారు ఆపి, “మన తిన్నడు గుర్తొస్తున్నాడురా” అన్నారు. ఆ పాఠం ఉన్న కాగితం పెద్దాయన నాకే ఇచ్చేశారు. దేవుడి పటాల దగ్గర పెట్టాను.