అవుటైన పిల్లాడు ఎంతసేపు కూర్చోవాలి?

వేసవి సెలవులు మొదలయ్యాయంటే చాలు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. పిల్లలు ఫోన్లు వదలట్లేదు, మంచి సమ్మర్ క్యాంప్ ఏదైనా ఉంటే చెప్పండి అని. క్యాంపులు వద్దని నేననను, ఈత, స్కేటింగ్ లాంటివి ఒకరు నేర్పితేనే వస్తాయి. కానీ సాయంత్రం కిందికి దిగి ఆడుకోవడానికి కోచ్ ఎందుకు, ఫీజు ఎందుకు? మా బ్లాకులో సాయంత్రాలు పిల్లల్ని ఆడించే పని నేనూ, ఎదురింటి అక్కా పెట్టుకున్నాం. వాళ్ళని రోజూ చూస్తూ ఉంటే నాకు గట్టిగా అనిపించిన విషయం ఒకటుంది, అది చెప్పడానికే ఈ పోస్టు. పిల్లలకి ఏ ఆట పెట్టాలా అని ఆలోచించేటప్పుడు మొదట అడగాల్సింది, ఈ ఆటలో అవుటైన పిల్లాడు ఎంతసేపు ఊరికే కూర్చోవాలి అని.

క్రికెట్‌నే తీసుకోండి. నాకూ ఇష్టమే. కానీ పది పన్నెండు మంది పిల్లలు, ఒకటే బ్యాటు, కాస్తంత చోటు ఉన్నప్పుడు ఏడేళ్ళ పిల్లకి దక్కేదేమిటి? గోడ దగ్గర నిలబడి, కారు కిందికి దొర్లిన బంతి తెచ్చివ్వడం. బ్యాటు ఎవరిదైతే వాడిదే మొదటి బ్యాటింగ్, వాడు మొదటి బంతికే అవుటైతే అది ట్రయల్ బాల్. చిన్నవాళ్ళ వంతు వచ్చేసరికి చీకటి పడుతుంది, పైనుంచి అమ్మలు పిలుస్తారు. ఆ చిన్నవాళ్ళు మర్నాడు కిందికి రారు. మా వాడికి ఆటల మీద ఇంట్రెస్టే లేదండీ అని ఆ ఇంట్లోవాళ్ళు చెబుతుంటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే వాడు గంటసేపు ఎండలో నిలబడి తన వంతు కోసం ఎదురుచూడటం నేను కళ్ళారా చూశాను. మ్యూజికల్ చైర్స్ కూడా ఇంతే. బర్త్‌డే పార్టీకి సరే కానీ, రోజూ ఆడించే ఆట కాదు. అందరికంటే నెమ్మదిగా కదిలే బిడ్డ, నిజానికి ఎక్కువ పరుగు కావాల్సిన బిడ్డ, మొదటి రౌండులోనే బయటికి వెళ్ళి కూర్చుంటుంది.

మన పాత ఆటల్లో చాలావాటికి ఈ ఇబ్బంది లేదు. అవుటైనవాడు కూర్చోడు, దొంగ అవుతాడు. అంటే వాడి పరుగు ఆగదు, ఇంకా పెరుగుతుంది.

నాలుగు స్తంభాలాట అపార్ట్‌మెంట్ల కోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకు. సెల్లార్‌లో స్తంభాలకి ఏం కొదవ? నలుగురు నాలుగు స్తంభాలు పట్టుకుంటారు, ఐదోవాడు మధ్యలో దొంగ. స్తంభాల దగ్గరున్నవాళ్ళు ఒకరికొకరు సైగ చేసుకుని చోట్లు మార్చుకోవాలి, ఆ సందులో దొంగ వచ్చి ఖాళీ స్తంభం పట్టుకుంటే చోటు పోయినవాడు దొంగ. పిల్లలు ఎక్కువుంటే ఆరు స్తంభాలు పెట్టుకుని ఏడుగురు ఆడొచ్చు. మా బ్లాకులో ఒక చిన్న పాప ఉంది, కొత్తగా వచ్చారు, ఎవరితోనూ మాట కలిపేది కాదు. ఈ ఆటలో మాటతో పనే లేదు కదా! స్తంభానికి చెంప ఆనించి, ఒక్క కన్ను మాత్రం బయట పెట్టి, అవతలి స్తంభం దగ్గరున్న పిల్లాడి వైపు చూసి కనుబొమ్మ ఎగరేస్తుంది. వాడు తల ఊపేలోపే ఈ పిల్ల సగం దూరం వచ్చేసి ఉంటుంది. పెద్ద పిల్లలు కూడా ఇప్పుడు ఆ పాపతోనే చోటు మార్చుకోవాలని చూస్తారు.

నేలా బండా గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. దొంగ నేల కోరుకుంటే మిగిలినవాళ్ళంతా అరుగులు, మెట్లు, రాళ్ళు ఎక్కాలి, నీ నేల మీదికొచ్చా అని ఊరించి మళ్ళీ ఎక్కెయ్యాలి. నాలుగేళ్ళ పిల్లలకి కూడా ఒక్క నిమిషంలో అర్థమైపోతుంది. మెట్లు మరీ ఎత్తున్న చోట మాత్రం ఎన్నో మెట్టు వరకు ఎక్కొచ్చో ముందే చెప్పేయండి.

ఇక ఏడు పెంకులాట. నన్నడిగితే ఆటల్లో దీనికి మించింది లేదు. ఏడు పెంకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక పదిహేను అడుగుల దూరంలో గీత గీసి, ఒక జట్టు బంతితో కొట్టాలి. పడగొట్టాక అదే జట్టు మళ్ళీ పేర్చాలి, పేర్చేలోపు అవతలి జట్టు బంతితో వాళ్ళని కొడుతుంటుంది. గురి కావాలి, పరుగు కావాలి, చెయ్యి వణక్కుండా పేర్చడమూ కావాలి. ఇందులో ఒక అందం ఉంది, బలంగా విసిరే పిల్లాడికి ఎంత పనుందో, కుదురుగా పేర్చే పిల్లకీ అంత పనుంటుంది. గీత మాత్రం చిన్నవాళ్ళకి వేరుగా, బాగా దగ్గరగా గీయండి.

తగాదాలు కూడా ఈ ఆటలోనే ఎక్కువ, అవి మంచివే. బంతి తగిలిందా లేదా అన్నదే అసలు గొడవ. ఒకరోజు ఒకడు, బంతి నా చొక్కాకి తగిలింది, నాకు తగల్లేదు అన్నాడు. తొండి, తొండి అని అవతలి జట్టు అరుపులు. నేను లేవబోతే అక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కాసేపు అరుచుకుని, ఇద్దరు అలిగి, మళ్ళీ వచ్చి, చివరికి వాళ్ళే ఒక రూలు పెట్టుకున్నారు, ఇకనుంచి ఆటకి ముందు అందరూ చొక్కాలు టక్ చేసుకోవాలని. మనం వెళ్ళి తీర్పు చెప్పి ఉంటే ఒక జట్టుకి సంతోషం, ఒక జట్టుకి ఏడుపు, అంతే కదా. దెబ్బలాటకి దిగితే తప్ప పెద్దవాళ్ళు కుర్చీలోంచి లేవకూడదు, ఇది నేను చాలా గట్టిగా నమ్ముతాను.

జట్లు ఎలా పంచుకోవాలో కూడా మనవాళ్ళు చక్కగా చేసి పెట్టారు. స్కూల్లో అయితే కెప్టెన్లు ఒక్కొక్కరి పేరూ పిలుస్తారు, చివర మిగిలిన పిల్లాడు తలొంచుకుని నిలబడతాడు. అలా వద్దు. ఆటలో సరిజోడు అనుకున్న ఇద్దరిద్దరు భుజాల మీద చేతులేసుకుని అవతలికి వెళ్ళి గుసగుసగా పేర్లు పెట్టుకుంటారు, ఒకరు సూర్యుడు, ఒకరు చంద్రుడు, లేదా మామిడిపండు, జామపండు, ఏదైనా సరే. తిరిగొచ్చి కెప్టెన్లని ఏది కావాలని అడుగుతారు. కెప్టెన్ కోరుకునేది పేరునే, మనిషిని కాదు. జట్లు సమానంగా వస్తాయి, ఎవరికీ నన్నెవరూ కోరుకోలేదన్న బాధ ఉండదు. దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేసుకోవడం ఉండనే ఉంది.

మరీ చిన్నపిల్లల సంగతి? వాళ్ళు ఆటలో అరటిపండు. అందరితో పాటు పరిగెడతారు, అరుస్తారు, వాళ్ళని పట్టుకున్నా అవుట్ కాదు. మూడేళ్ళ తమ్ముడిని వెంటబెట్టుకొచ్చిన అక్క ఆట మానుకోనక్కర్లేకుండా చేసిన ఏర్పాటు ఇది. మా పిల్లలకి ఇది చెప్పిన రోజు నుంచి, తమ్ముళ్ళున్నారని ఇంట్లో ఆగిపోయే ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు కిందికి రావడం మొదలుపెట్టారు.

పిల్లలు తక్కువున్న రోజు తొక్కుడు బిళ్ళ. సుద్దముక్క, ఒక బిళ్ళ ఉంటే ఇద్దరైనా ఆడుకోవచ్చు. ఒంటికాలి మీద బిళ్ళని గడిలోంచి గడిలోకి తన్నుకుంటూ పోవడం చూడ్డానికి తేలిగ్గానే ఉంటుంది, గెంతి చూడండి, పిక్కలు పట్టేస్తాయి. మగపిల్లలకి కూడా నేర్పండి, ఇది ఆడపిల్లల ఆట అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. ఖోఖో అయితే కాస్త పెద్ద స్థలం, ఎక్కువ మంది కావాలి. అందులో కూర్చున్నవాళ్ళు కూడా ఆటలోనే ఉంటారు, వెనక నుంచి ఎప్పుడు ఖో వినిపిస్తుందో తెలియదు కాబట్టి ప్రాణమంతా చెవుల్లో పెట్టుకుని కూర్చుంటారు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన ఖోఖో ప్రపంచ కప్పులో మన పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ గెలిచాయి. ఆ సంగతి పిల్లలకి చెప్పాను, ఆ సాయంత్రం ఖోఖో తప్ప ఇంకోటి ఆడలేదు.

గిల్లీ దండా మాత్రం అపార్ట్‌మెంట్ ఆవరణలో వద్దంటాను. కొన్నిచోట్ల బిళ్ళంగోడు అంటారు, తెలంగాణలో చిర్రగోనె. గొప్ప ఆట, కానీ ఎగిరే బిళ్ళకి పదునైన కొసలుంటాయి, కంటికి తగిలితే ఇక అంతే. ఖాళీ మైదానంలో, మిగిలినవాళ్ళు బాగా దూరంగా నిలబడితేనే. కోతి కొమ్మచ్చికి అందేంత ఎత్తులో కొమ్మలున్న చెట్టు కావాలి, సెలవులకి ఊరెళ్ళినప్పుడు తాతయ్య వాళ్ళ మామిడి తోటలో ఆడనివ్వండి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్ళు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పిల్లలు స్కూలు, ట్యూషన్, హోంవర్క్ ముగించేసరికి అందులో సగం కూడా దొరకదు. చాలాచోట్ల పీటీ పీరియడ్‌ని లెక్కల సారు తీసేసుకుంటారు. ప్రతి స్కూలుకీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే రాసుంది, అది ఉన్న చోట కూడా పిల్లలని వదలరు. కళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు పిల్లల్ని ఆరుబయట ఉంచి మూడేళ్ళు గమనించారు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం మామూలు స్కూళ్ళలో 39.5 శాతం మందికి కొత్తగా దూరపు చూపు మసకబారితే, ఈ స్కూళ్ళలో 30.4 శాతం మందికే వచ్చింది. చెట్టు నీడలో ఉన్నా సరే, బయటి వెలుతురు గదిలో లైటు వెలుతురు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి చీకటి పడ్డాక కాకుండా వెలుగుండగానే ఆడించండి.

అలాగని మన ఎండల్లో మధ్యాహ్నం పంపమని కాదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదిన్నరలోపు, సాయంత్రం ఐదున్నర దాటాక. నీళ్ళ బాటిల్ ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి, ఇంట్లో మజ్జిగ ఉంటే మరీ మంచిది. డెంగీ దోమ తెల్లవారాక, పొద్దుగూకే ముందే ఎక్కువ కుడుతుంది, కాబట్టి నిక్కర్లు కాదు, కాళ్ళు పూర్తిగా కప్పే పలచని ప్యాంట్లు వెయ్యండి. కుక్క దగ్గరికొస్తే పరిగెత్తకుండా కదలక నిలబడాలని ఒకటికి పదిసార్లు చెప్పండి. అన్నిటికంటే ముఖ్యం, సెల్లార్‌లో ఆడుతుంటే కార్లు. రివర్స్ చేసేవాళ్ళకి వెనక ఉన్న చిన్నపిల్లలు కనిపించరు. మేం అసోసియేషన్‌తో మాట్లాడి, ఆట జరిగే గంటసేపు ఆ వైపు కార్లు తీయకుండా చూసుకున్నాం, ర్యాంప్ దగ్గర ఎవరో ఒక పెద్దవాళ్ళు కుర్చీ వేసుకుని కూర్చుంటాం. అలా కూర్చునేవాళ్ళు లేని రోజు సెల్లార్ ఆటలు లేవు, అంతే.

సామాను అంటారా, ఒక గుడ్డ సంచిలో పట్టేస్తుంది. రెండు టెన్నిస్ బంతులు, సుద్దముక్కలు, ఒక తాడు, పెంకులు. బెంగుళూరు పెంకులు ఇప్పుడు సిటీలో దొరకట్లేదు కదా, ఎక్కడైనా ఇల్లు కడుతుంటే మేస్త్రీని అడిగి తాండూరు రాళ్ళ ముక్కలో, బేతంచెర్ల నాపరాళ్ళ ముక్కలో తెచ్చుకోండి, చదునుగా ఉండి బాగా నిలబడతాయి. పింగాణీ టైల్స్ ముక్కలు వద్దు, చేతులు కోసుకుంటాయి. నాపరాళ్ళకైనా అంచులు సిమెంటు నేల మీద తడి చేసి నున్నగా అరగదీయాలి, ఆ పని పిల్లలకే ఇవ్వండి, ఎంత ఇష్టంగా చేస్తారో. మా సంచి వాచ్‌మన్ గది బయట మేకుకి తగిలించి ఉంటుంది, ఎవరు ముందు కిందికి దిగితే వాళ్ళు తీసుకుని ఆట మొదలుపెట్టేస్తారు.