ర్యాంపు ఉంది, కుర్చీ ఎక్కదు

బడి, బ్యాంకు, ఆసుపత్రి, ఎక్కడికెళ్లినా మెట్ల పక్కన ఓ ర్యాంపు కనిపిస్తుంది. చాలావాటి మీద స్కూటర్ ఎక్కుతుంది, చక్రాల కుర్చీ ఎక్కదు.

లెక్క ఒక్కటే: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. ఆరంగుళాల మెట్లు మూడుంటే ఎత్తు 18 అంగుళాలు, ర్యాంపు 18 అడుగులు. చోటు చాలదని మేస్త్రీ ఆరడుగుల్లో ముగిస్తే వాలు మూడింతలవుతుంది. ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి కుర్చీ వెనక్కి తిరగబడొచ్చు, దిగేటప్పుడు మనిషి ముందుకు జారిపోవచ్చు. చోటు లేకపోతే 9 అడుగుల దగ్గర 5 అడుగుల చదును వదిలి, ర్యాంపును వెనక్కి తిప్పండి.

మెట్లు లెక్కపెట్టి ఎత్తు తేల్చకండి. వాకిలి బయటికి వాలుగా ఉంటే, ర్యాంపు మొదలయ్యే చోట నేల ఇంకో మూడంగుళాలు కిందికి ఉండొచ్చు. అప్పుడు పొడవు 21 అడుగులు. నీళ్లు నింపిన లెవెల్ పైపుతో అక్కడే చూడాలి. లోపల టైల్స్ ఇంకా వేయకపోతే వాటి మందం కూడా కలపండి. లేదంటే పైన అంగుళం గట్టు మిగిలి, చిన్న చక్రం అక్కడే ఆగిపోతుంది.

వెడల్పు 4 అడుగులు. రెండు వైపులా రెయిలింగు, దాని కింద పక్క అంచుల పొడవునా మూడు నాలుగంగుళాల గట్టు ఉండాలి. పైభాగం సిమెంటు పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డంగా గీస్తే చాలు. పాలిష్ గ్రానైట్ వానకు జారుతుంది. బండ్ల కోసం వేసే లోతు గాడుల్లో చిన్న చక్రాలు దిగబడతాయి.

ఎక్కాక తలుపు ముందు 5 అడుగుల చదును కావాలి. తలుపు బయటికి తెరుచుకుంటే ఇంకొంచెం ఎక్కువే. జంట తలుపుల్లో ఒక రెక్కకు ఎప్పుడూ గడియ వేసి ఉంచే అలవాటు మనది. రెండో రెక్క ఒక్కటే తెరిచినా 3 అడుగులు ఖాళీ రావాలి. గడప తీయమంటే ఇంట్లో ఒప్పుకోరు, తీయనక్కర్లేదు కూడా. అంగుళం గడపకు ఇరువైపులా అడుగేసి పొడవున్న చెక్క వాలు బిగించండి.

టాయిలెట్‌దీ ఇదే కథ. తలుపు లోపలికి తెరుచుకుంటే, లోపల మనిషి పడిపోయినప్పుడు బయటివాళ్లు తోయలేరు. పట్టుకునే కడ్డీని టైల్‌కి మాత్రమే బిగిస్తే బరువు పడగానే ఊడొస్తుంది. యాంకర్ బోల్టు గోడలోకి దిగాలి.

అన్నీ సరిగ్గా కుదిరాక ర్యాంపు మొదట్లో బైకు పెడతారు. అక్కడ పసుపు గీతలు కొట్టించండి.