నొప్పి కంటే ముందొచ్చేవి

నాకు ఆగకుండా ఆవలింతలు వస్తున్నాయంటే మా ఇంట్లోవాళ్లకి సంగతి అర్థమైపోతుంది. రాత్రంతా హాయిగా నిద్రపోయి లేచినా దవడ నొప్పి పుట్టేదాకా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. మెడ పట్టేస్తుంది. మాటిమాటికీ బాత్రూంకి వెళ్లాల్సి వస్తుంది. తీపి మీదకి మనసు లాగుతుంది. తలనొప్పి జాడ మాత్రం అప్పటికి ఎక్కడా ఉండదు, అది మర్నాడొస్తుంది. మైగ్రేన్ నొప్పికి ఒకటి రెండు రోజుల ముందే మెదడులో మార్పు మొదలవుతుందని, ఇవన్నీ దాని గుర్తులేనని మా న్యూరాలజిస్టు చెప్పారు.

నేను హనుమకొండలో ఒక బ్యాంకులో క్యాష్ కౌంటర్ చూస్తాను. అందుకే తర్వాతి దశ నాకు అంకెల్లోనే ముందు తెలుస్తుంది. ఓచర్ మీద 25,400 అని ఉంటే అందులో 5 కనిపించదు. ముందున్న 2 కనిపిస్తుంది, చివరి సున్నాలు కనిపిస్తాయి. ఆ 5 ఉన్నచోట నల్లమచ్చ కూడా ఉండదు, అసలక్కడ చోటే లేనట్టుంటుంది. కాసేపటికి దాని అంచున వెండి జరీలా మిలమిలలాడే వంకరటింకర గీత ఒకటి పుడుతుంది. కళ్లు మూసుకున్నా పోదు, ఎందుకంటే అది కంటిలోది కాదు, తల వెనకభాగంలో చూపును చూసుకునే మెదడు పొరలోది. మెల్లగా పెద్దదవుతూ పక్కకి జరిగి, అరగంట లోపల చూపు అంచు దాటి వెళ్లిపోతుంది. దీన్నే డాక్టర్లు ఆరా అంటారు.

1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త తనకొచ్చే ఆరాను కాగితం మీద గీసుకుంటూ పోయి, మెదడు పొర మీద ఏదో నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతోందని లెక్కగట్టాడు. 1944లో బ్రెజిల్‌కి చెందిన అరిస్టిడెస్ లియావ్ కుందేళ్ల మెదడులో దాదాపు అంతే నెమ్మదిగా పాకే అలను కనిపెట్టాడు. ఇది చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది. చూపు తర్వాత నాకొచ్చే తిమ్మిరి కూడా అలాగే పాకుతుంది మరి. వేళ్లలో మొదలై మోచేతి దాకా వస్తుంది, అక్కణ్ణుంచి భుజాన్ని వదిలేసి ఒకేసారి పెదవి మూలకి, సగం నాలుకకి ఎక్కుతుంది. మెదడు పొరలో చెయ్యికీ ముఖానికీ కేటాయించిన చోట్లు పక్కపక్కనే ఉంటాయట. నాది భయమో, టెన్షనో కాదని చెప్పడానికి నాకు దొరికిన గట్టి ఆధారం అదే.

తిమ్మిరి నాలుకకి చేరిందంటే మాట పోతుంది. మొదటిసారి అలా అయినప్పుడు కౌంటర్ ముందు ఒక పెద్దాయన ఉన్నాడు. "బిడ్డా, పింఛన్ పడ్డదా?" అని పాస్‌బుక్ చాపాడు. పడ్డది అని చెప్పాలని తెలుసు. నోట్లోంచి "పాలు" అని వచ్చింది. మళ్లీ ప్రయత్నించాను, మళ్లీ పాలే. ఆయన నా ముఖం చూసి, "సార్, ఈ బిడ్డకు పక్షవాతమేమో చూడుండ్రి" అని మేనేజర్‌ని కేకేశాడు. ఆయనకి ఎంత రుణపడ్డానో చెప్పలేను. స్కాన్‌లో ఏమీ లేదని తేలింది సరే, కానీ మాట తడబడి, చెయ్యి మొద్దుబారడం మొదటిసారి జరిగితే ఎవరైనా సరే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. పక్షవాతంలో ఇవి సాధారణంగా ఒక్కసారిగా వస్తాయి, మైగ్రేన్‌లో నిమిషాల మీద ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అయినా ఆ తేడా తేల్చాల్సింది డాక్టరే. ఆరా వచ్చే ఆడవాళ్లు గర్భనిరోధక మాత్రలు వాడే ముందు ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలతో పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

ఇక నొప్పి, వాంతులు అందరికీ తెలిసినవే. తెలియనిది చర్మం సంగతి. దువ్వెన తగిలితే మంట, చెవి కమ్మలు బరువు, దిండు గలీబు గరుకు. మా అత్తమ్మ ప్రేమగా నుదుటికి సొంఠి పట్టు వేయబోతే చెయ్యి తోసేశాను, పాపం నొచ్చుకుంది. ముట్టుకుంటేనే నొప్పి అని విడమరిచి చెప్పాక ఆవిడే ఇల్లంతా కాపలా కాస్తోంది. నేను లేచేదాకా వంటింట్లో తాలింపు వెయ్యనివ్వదు.

తలస్నానం కూడా నాకు పడదు. ఇది నా ఒక్కదాని బాధే అనుకునేదాన్ని. ముంబై డాక్టర్ కె. రవిశంకర్ 2006లోనే తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయుల గురించి రాశారు. బతుకమ్మ రోజుల్లో తలస్నానం చేసి, ఆకలితో ఎండలో పూలు పేర్చడం నాకు ఎంత ప్రమాదమో ఇప్పుడు ఆడబిడ్డలకి ధైర్యంగా చెబుతున్నాను. ముందు తిని, జుట్టు పూర్తిగా ఆరాకే పూల దగ్గర కూర్చుంటాను.

మందుల షాపులో నొప్పి గోలీలు కొనుక్కుని రోజూ మింగేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. మామూలు గోలీలైనా నెలలో 15 రోజులు, మైగ్రేన్ నొప్పి తగ్గడానికే ఇచ్చే ట్రిప్టాన్ గోలీలైతే 10 రోజులు వాడుతూ పోతే ఆ మందులే తలనొప్పి తెప్పిస్తాయి. తరచూ వచ్చేవాళ్లకి రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి, అవి అడిగి రాయించుకోండి.

ఆఫీసులో తలనొప్పి అంటే "బామ్ రాసుకోరాదా" అంటారు. అందుకే లీవ్ లెటర్‌లో ఆ మాట రాయడం మానేశాను. "ఆరాతో కూడిన మైగ్రేన్. చూపు, మాట సరిగా లేవు. నగదు లెక్కించలేను" అని రాస్తున్నాను. మేనేజర్ డాక్టర్ చీటీ అడిగారు, జతచేశాను. ఇప్పుడు నేను చెయ్యెత్తి చూపిస్తే చాలు, పక్క కౌంటర్ తమ్ముడు వచ్చి నా క్యాష్ లెక్కజూసి తీసుకుంటాడు.