మోటుపల్లి రాతి మీద మాట

నేను గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల పెరిగినవాణ్ణి. మా నాన్నగారు ఒక కమీషను కొట్టులో గుమస్తాగా పనిచేసేవారు. నాకు పన్నెండేళ్లప్పుడు ఒక తెల్లవారుజామున ఆయన వెంట చిలకలూరిపేట వైపు వెళ్లాను. చెన్నై చేరవలసిన లారీ రోడ్డు దిగి కాలువలోకి ఒరిగిపోయింది. మిర్చి టిక్కీలు (బస్తాలు) పగిలి ఎర్రటి కాయలు నీళ్ల మీద తేలుతున్నాయి, దూరాన కొండవీటి కొండలు మసకగా కనిపిస్తున్నాయి. మేము చేరేసరికే చాలా టిక్కీలు మాయమయ్యాయి. మిగిలినవాటి దగ్గర ఒక ముసలాయన కర్ర పట్టుకొని కూర్చున్నాడు. "దేవుడు పడేసిన సరుకు తీసుకుంటే తప్పేముందయ్యా?" అని ఒకతను అడిగితే, "సరుకుగలాయన వస్తాడు" అని మాత్రం ఆయన బదులిచ్చాడు.

ఆ ఇద్దరి మధ్య తగవు చాలా పాతదని నాకు తరువాత మోటుపల్లి శాసనం చదివినప్పుడు తెలిసింది. చినగంజాం దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఊరు కాకతీయుల కాలంలో పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయ మండపంలోని ఒక స్తంభం మీద గణపతిదేవుడు 1244-45లో చెక్కించిన అభయ శాసనం ఉంది. ఒక దేశం నుంచి మరొక దేశానికి పోతూ తుఫానులో చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవాటిని పూర్వపు రాజులు బలవంతంగా లాక్కొనేవారని, ప్రాణం కన్నా ధనమే గొప్పదని తలచి సముద్రయానమనే సాహసానికి పూనుకొన్నవారికి తాము దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నామని రాజు అందులో చెప్పుకొన్నాడు. వ్యాపారి గుండెలోని భయాన్నీ ఆశనూ ఇంత దగ్గరగా చూసిన రాజశాసనం మరొకటి నా కంట పడలేదు.

పడిపోయిన సరుకు దేవుడిచ్చిందన్న వాదన ఆ రోజుల్లో దారి దోపిడీగాళ్లది మాత్రమే కాదు, రాజ్యాలదే. మలబారు తీరంలోని ఏలి రాజ్యం గురించి పదమూడవ శతాబ్దపు చివర ఇటు వచ్చిన వెనీసు యాత్రికుడు మార్కో పోలో రాసినది చూడండి. మరొక రేవుకు పోవలసిన ఓడ దారి తప్పి తమ దగ్గర లంగరు వేస్తే, దేవుడే మిమ్మల్ని మా దగ్గరికి పంపాడు కాబట్టి మీ సరుకు మాదే అని అక్కడివారు దోచుకొనేవారట, అది పాపమని కూడా అనుకొనేవారు కాదట. ఆ తరువాతి శతాబ్దంలో అదే తీరాన తిరిగిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, మలబారులో ఓడ పగిలితే సరుకంతా ఖజానాకు పోయేదని, కాలికట్టులో మాత్రం దాన్ని సొంతదారుకే వదిలేవారని, అందుకే ఆ పట్టణం అంతగా వృద్ధిచెందిందని రాశాడు. తుఫాను అందరికీ ఒకటే. దాన్ని దైవనిర్ణయంగా చదివి సరుకు పట్టుకుపోయినవారు కొందరైతే, ఆపదలో ఉన్నవాడి సొత్తు ముట్టడం అధర్మమని చదివినవారు మరికొందరు.

ఇక మోటుపల్లి సుంకం లెక్క గుమస్తా కొడుకునైన నాకు ఎంతో ఇష్టమైన భాగం. ఎగుమతులైనా దిగుమతులైనా ముప్పై పాళ్లలో ఒక పాలు. చందనానికి తూకం మీద, కర్పూరానికీ చీనా కర్పూరానికీ ముత్యాలకూ వెల మీద ఎంతెంత కట్టాలో శాసనం విడివిడిగా చెబుతుంది. పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, పట్టు, పగడాలు, మిరియాలు కూడా ఆ పట్టికలో ఉన్నాయి. మిరపకాయ లేదు, ఉండదు కూడా, ఎందుకంటే అది పోర్చుగీసువారి తరువాతే మన నేలకు వచ్చింది. సుంకం ఎంతో బయలుదేరకముందే తెలిస్తే వ్యాపారి లాభనష్టాలు లెక్క వేసుకోగలడు. ఒడ్డున ఉన్న అధికారి మనసును బట్టి అది మారితే లెక్కే ఉండదు, ఓడా రాదు, ఆ ముప్పయ్యో పాలు కూడా రాజుకు రాదు.

అయితే ధర్మం అన్న మాట కేవలం అలంకారమనీ, అసలు లెక్క సుంకానిదేననీ అనేవారితో నేను ఏకీభవించను. గణపతిదేవుడు గోళకీ మఠమనే శైవ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యుల దగ్గర శైవదీక్ష తీసుకొన్న శిష్యుడు. ఆ గురువుకు తండ్రి ఇస్తానన్న మందడం గ్రామాన్ని, దానితోపాటు వెలగపూడిని కూడా చేర్చి, రుద్రమదేవి 1261లో ధారపోసింది. ఈనాడు రాష్ట్ర సచివాలయం ఉన్న వెలగపూడి అదే. పక్కనే మల్కాపురంలో శిరస్సున నంది ఉన్న రాతి స్తంభం మీద ఆ వివరమంతా ఉంది. రాబడిలో ఒక భాగం శివాలయానికి, ఒక భాగం మఠానికీ విద్యార్థులకూ, మూడవ భాగం ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ సత్రానికీ కేటాయించారు. వేదాలు చెప్పే గురువులతో పాటు ఒక వైద్యుణ్ణి, లెక్కలు రాసే ఒక కాయస్థుణ్ణి కూడా నియమించారు. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి వరకు ఎవరు ఏ వేళకు వచ్చినా అన్నం పెట్టాలన్నారు. విజయవాడ నుంచి కరకట్ట మీదుగా వెళ్లి ఆ రాతి ముందు నిలబడినప్పుడు, కాన్పుకు వచ్చిన తల్లికి చోటు చూపించిన విశ్వాసమే ఓడ పగిలిన పరదేశికి అభయమిచ్చిందని నాకు గట్టిగా అనిపించింది.

రుద్రమ పాలన ముగిసిన కొద్ది కాలానికి ఈ రాజ్యం గురించి విన్న మార్కో పోలో దీన్ని మోటుపల్లి రేవు పేరుతోనే మూతిఫిలి అన్నాడు. ఆమెను రాజు కూతురని కాక భార్య అని పొరబడ్డాడు గాని, న్యాయమూ శాంతీ కోరే రాణి అని మెచ్చుకొన్నాడు. ఇక్కడి సన్నని బట్టలు సాలెగూడులా ఉంటాయన్నాడు.

కాని రాజు మాట రాజ్యం ఉన్నంతవరకే. 1323లో ఓరుగల్లు పడిపోయింది. రాయి అక్కడే ఉన్నా, దాన్ని నమ్మి ఓడ నడిపించుకొని రావడానికి వెనుక రాజు లేడు. మోటుపల్లి కొండవీటి రెడ్ల ఏలుబడిలోకి వచ్చాక, అనపోతారెడ్డి 1358లో అదే ఊళ్లో వ్యాపారులకు మళ్లీ కొత్తగా అభయం ఇవ్వవలసి వచ్చింది. ఈసారి సంస్కృతంలో, తెలుగులో, తమిళంలో, మూడు భాషల్లో చెక్కించారు.