ఆ అరిగిన మూల

2021 జనవరిలో బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ బొమ్మతో ఫ్లీర్ కంపెనీ 1986లో వేసిన కార్డు ఒకటి, పీఎస్ఏ 10 గ్రేడుది (కార్డుల స్థితి చూసి మార్కులేసే పీఎస్ఏ సంస్థ ఇచ్చే అత్యున్నత గ్రేడు), వేలంలో 7,38,000 డాలర్లు పలికింది. ఆ వారమే నేను నెలల తరబడి బేరమాడుతున్న డీలరు మాట మార్చేశాడు. నేనడిగిందీ అదే కార్డు, ఆ సెట్టులో నంబరు 57. కాకపోతే గ్రేడు లేనిది, వాడినది. కింది ఎడమ మూల అరిగి తెల్లగా పొర లేచింది. ఫొటోలో ఆ మూలని ఎన్నిసార్లు పెద్దది చేసి చూసుకున్నానో!

"అమ్మేశానండీ" అన్నాడు. పదిహేను రోజులకి అదే కార్డు, అదే మూల, రెట్టింపు ధరకి మళ్ళీ కనిపించింది.

పెరిగే సరుకు ఆపుకోవడం వ్యాపారమే, కాదనను. డీలర్లంతా ఒకేసారి దాస్తే ఉన్న కొరత ఇంకా పెద్దదిగా కనబడుతుంది, ధర ఇంకా ఎగబాకుతుంది. అదీ అర్థమవుతుంది. కానీ ఉన్నదాన్ని లేదని చెప్పడం వేరు. అది నన్ను నిజంగా బాధపెట్టింది.

ఏడాది తిరక్కుండానే ఆ పీఎస్ఏ 10 ధర సగం కంటే కిందికి దిగింది. అప్పుడు అతనే మెసేజ్ పెట్టాడు, "ఇంకా కావాలా అండీ?" అని. వద్దన్నాను. ఈమధ్యే కార్డులు సేకరించే ఇంకొకాయన దగ్గర తీసుకున్నాను. దీనికి పై మూల అరిగింది.